మాస్టారు నేర్పిన పాట

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడైతే మాస్టారి గొంతు కాలుతుంది, చల్లారిపోతే పట్టేస్తుంది. ఉప్పు చిటికెడు ఎక్కువైతే గొంతు ఎండుతుంది, తక్కువైతే పుక్కిలించినట్టే ఉండదట. పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ గ్లాసు అంచు బుగ్గకి ఆనించి, వేడి చూసుకుని, ఆ తర్వాతే చేతికి ఇస్తోంది ఆయన భార్య. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే అయినా పోషణ మాత్రం నలుగురికి జరుగుతుంది: మాస్టారు, మాస్టారి తల్లి, ఆమె, మాస్టారి గొంతు. నలుగురిలోకీ గారాబం ఆ నాలుగోదానికే. అది ఉందని ఫ్యాను తిరగదు. అది ఉందని మూకుట్లో మిరపకాయ వేగదు. మధ్యాహ్నం అది విశ్రాంతి తీసుకుంటోందని గిన్నెలు కూడా గుడ్డ పరిచి తోముకోవాలి. ఎండాకాలంలో సైతం దానికో మఫ్లరు. కడుపున ఒక బిడ్డ పుట్టి ఉంటే, ఆ బిడ్డకి ఇందులో సగం జరిగేది కాదు.

"ఇవాళ ప్రిన్సిపాల్ గదిలో నువ్వు నోరు విప్పకు," అన్నాడు మాస్టారు, పుక్కిలించి ఉమ్మేసి. "పక్కన కూర్చో చాలు. ఏమైనా అడిగితే 'మాస్టారు చెప్పిందేనండీ' అను."

"ఆ పిల్లకి ఏడాది పోతుందండీ."

"పోతే పోతుంది. సాధన చెయ్యని పిల్ల గొంతు చెడక బాగుపడుతుందా? దానికి నేనేం చెయ్యను?"

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. "పొద్దున్నే వాడిచేత అంతంతసేపు మాట్లాడించకు అమ్మాయ్! వాడికున్న ఆస్తల్లా ఆ గొంతే."

ఆస్తే, కాదన్నదెవరు? దున్నేదొకరు, పేరు ఒకరిది. ఆస్తులన్నీ అలాగే ఉంటాయి మరి అనుకుని ఆమె గ్లాసు కడిగి బోర్లించింది.

నటన నేర్పే కళాశాలలో ఆయన గొంతు మాస్టారు. మాట, యాస, పాట, మూడూ ఆయన శాఖే. గది బయట ఆయన పేరుతో ఇత్తడి పలక ఉంటుంది. ఆమె సిబ్బంది జాబితాలో అట్టడుగున, తోటమాలికి ఒక వరుస పైన, 'వాద్య సహకారం' అనే మాట కింద ఉంటుంది. పిల్లలు కీబోర్డక్క అని పిలుస్తారు. తరగతి ఏడింటికి మొదలవుతుంది. ఏడింటికి మాస్టారు ఇంట్లో అద్దం ముందు మఫ్లరు చుట్టుకుంటూ ఉంటాడు. అప్పటికి కీబోర్డక్క కిటికీలు తెరిచి, పిల్లల్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కొక్కరి పొట్ట మీద ఒక్కో పుస్తకం పెట్టి ఊపిరి పీల్పిస్తూ ఉంటుంది. పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. ఆ తర్వాత చంటిపిల్లలు ఉమ్ములాట ఆడినట్టు పెదాలు దడదడలాడిస్తూ స్వరాలు ఎక్కడం, దిగడం. ఆ తర్వాత దవడలు వదులు చెయ్యడం. "ఆవులించండర్రా, సిగ్గెందుకు? ఒక్క నా తరగతిలోనే ఆవులిస్తే తిట్టరు," అంటుంది. పిల్లలు నవ్వుతారు. నవ్విన గొంతు విచ్చుకుంటుంది. ఎవరి గొంతు కీబోర్డు మీద ఏ మెట్టు దగ్గర హాయిగా కూర్చుంటుందో, ఎక్కడ బెదురుతుందో, పాతికమందివీ ఆమెకి నోటికి వచ్చు. రోజూ హాజరు పట్టీ రాసేదీ ఆమే.

ఎనిమిదిన్నరకి మాస్టారు వస్తాడు. అందరూ లేచి నిలబడతారు. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలోకి ఎత్తి, ఆకాశంలోంచి కోసుకొచ్చినట్టు ఒక స్వరం అందుకుంటాడు. అది తు.చ. తప్పకుండా శ్రుతిలో ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు నోరెళ్లబెడతారు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టే ముందే కీబోర్డక్క దుమ్ము తుడుస్తున్నట్టు ఆ మెట్టు మీద ఒకసారి వేలు వేసి ఉంటుందని ఎవరూ గమనించరు. గమనించకుండా ఉండేట్టు తుడవడం కూడా ఒక విద్యే. తర్వాత పది నిమిషాల ఉపన్యాసం. "గొంతు నాభిలోంచి రావాలి!" అంటాడు, ముక్కుతో. "నేను శిల్పిని. గొంతులు చెక్కుతాను," అంటాడు. బండ మోసేవాళ్లూ, నునుపు తీసేవాళ్లూ వేరే ఉంటారని ఏ శిల్పీ చెప్పడు కదా. టీ తాగే వేళకి శిల్పి సిబ్బంది గదిలో ఉంటాడు, బండలు మళ్లీ కీబోర్డక్క దగ్గర ఉంటాయి.

యాస సంగతి మరీ ఘోరం. పిల్లలు రకరకాల చోట్ల నుంచి వస్తారు, ఒక్కొక్కరి నోట్లో ఒక్కో ఊరు ఉంటుంది. "ఆ యాస కడుక్కుని రా, అప్పుడు నీతో మాట్లాడతాను," అంటాడు మాస్టారు, కాళ్లకి పేడ అంటిన మనిషిని గడప అవతల నిలబెట్టినట్టు. తొలిరోజు వేషం కట్టకముందే సిగ్గు కట్టుకుంటారు పిల్లలు. ఆయన వెళ్లిపోయాక కీబోర్డక్క చెబుతుంది: "కడగక్కర్లేదు. ఉన్న చొక్కా చింపుకుని కొత్తది కుట్టించుకుంటామా? అది ఇంట్లో ఉంటుంది, ఇది ఇంకోటి." పెళ్లైన కొత్తలో ఆమె వంటింట్లోంచి ఏదో అడిగితే అత్తగారు చుట్టాల ముందు నవ్వింది, "మా కోడలు మాట్లాడితే పశువుల్ని తోలుతున్నట్టుంటుంది," అని. చుట్టాలందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు, గొంతుకి శ్రమ లేకుండా, పెదాలతో. ఆ రోజు నుంచి ఆమె ఆ ఇంట్లో మాటలు తూచి, కోసి, తక్కువ చేసి వాడుతోంది.

నిజమే, ఆమె గొంతు పశువుల మధ్య పెరిగిందే. చేను గట్టు మీద నిలబడి, అవతలి గట్టున ఉన్న నాన్నని అన్నానికి పిలిచేది. అంత దూరం పిలిచినా ఒక్కనాడూ గొంతు రాసుకుపోలేదు. ఆ పిలుపు గొంతుతో కాక పొట్టలోని ఊపిరితో పిలిచిందని తర్వాత తెలిసింది. పల్లెటూరి బడిలో ఒక పాత కీబోర్డు ఉండేది, సగం మెట్లు పలికేవి కావు. పలకని మెట్లని తన గొంతుతో నింపుకుంటూ వాయించేది. ఆ చెవితో ఈ కళాశాలకి విద్యార్థినిగా వచ్చింది. మాస్టారు మెచ్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక, "ఒక ఇంట్లో ఇద్దరు గాయకులెందుకు? నువ్వు కీబోర్డు చూసుకో," అన్నాడు. చూసుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అన్న మనిషి మీద ఉన్న చులకన కంటే, విని సంతోషంగా తలూపిన ఆ అమ్మాయి మీదే ఆమెకి ఎక్కువ చులకన. ఆయన దొంగ అనుకుంటే, తలుపు తీసి, దీపం పెట్టి, ఏ పెట్టెలో ఏముందో చూపించింది తనే కదా.

ఇక ఇవాళ్టి గొడవకి కారణమైన పిల్ల సంగతి. రెండో ఏడు చదువుతోంది. తండ్రి లారీ డ్రైవరు. సన్నగా, వెలుగుగా, పైన ఎక్కడో కూర్చునే గొంతు. "ఇదేం గొంతు? పిచ్చుక!" అన్నాడు మాస్టారు మొదటిరోజే. అదే పేరు పడిపోయింది. ఆ పైన కూర్చునే గొంతునే ఏడాదిన్నరపాటు ఓపిగ్గా, ఒక్కో మెట్టూ కిందికి దింపుతూ, దింపిన చోట కాసేపు ఆడుకోనిస్తూ బలం తెప్పించింది కీబోర్డక్క. అందుకే కళాశాల నాటకంలో బిడ్డని పోగొట్టుకున్న తల్లి వేషం, దానికున్న ఒకే ఒక్క పాట, పిచ్చుకకి దక్కాయి. ఆ నాటకమే ఆ ఏటి గొంతు పరీక్ష కూడా. అందులో తప్పితే ఏడాది మళ్లీ చదవాలి. మళ్లీ చదివేవాళ్లకి హాస్టల్లో చోటుండదు. హాస్టల్ లేకపోతే పిచ్చుకకి చదువే ఉండదు.

నాటకానికి మూడు వారాలుందనగా కీబోర్డక్క తల్లికి కంటి ఆపరేషన్ అయింది. తొమ్మిది రోజులు వెళ్లొస్తానని సెలవు చీటీ రాసి మాస్టారికిచ్చింది.

"తొమ్మిది రోజులా? నా నీళ్లెవరు చూస్తారు?"

"అత్తయ్యగారికి చెప్పాను. పిల్లల పాటో?"

"అదో బ్రహ్మవిద్యా? ఆ మాత్రం నేను నేర్పలేనా?" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఆ జేబు దాటి ఏ ఫైలుకీ చేరలేదు. చొక్కా ఉతుకుతుంటే ఆమె చేతికే ముద్దగా దొరికింది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

తిరిగొచ్చిన రోజు సాధన గదిలో పిచ్చుక ఒక్కతే కూర్చుని ఉంది. "ఏదీ, పాడు చూద్దాం," అంది కీబోర్డక్క. పిల్ల నోరు తెరిచింది. గాలి వచ్చింది. గాలి వెనకాల, చెక్క మీద ఇసక కాగితం రాసినట్టు ఒక చప్పుడు వచ్చింది. పాట రాలేదు. ఆ మధ్యాహ్నమే గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. లోపల పలికే తీగల అంచులు వాచాయని, రెండు చోట్ల బుడిపెలు మొదలవుతున్నాయని, నెలరోజులు నోట మాట రాకూడదని డాక్టరమ్మ చెప్పింది. "గుసగుస కూడా వద్దు. గుసగుస ఇంకా చెరుపు," అంది. పిచ్చుక అప్పటికప్పుడు ఒక నోటుపుస్తకం కొనుక్కుని మొదటి పేజీలో రాసి చూపించింది: 'అక్కా, నేనే సరిగ్గా చెయ్యలేదేమో.'

చదివి, కీబోర్డక్క ఒక్క ప్రశ్న వేసింది. "ఏ శ్రుతిలో పాడించారు?"

పిల్ల సాధన గదిలోకి తిరిగొచ్చి, కీబోర్డు దగ్గరికి వెళ్లి, ఒక మెట్టు మీద వేలు వేసింది.

అది మాస్టారి మెట్టు. ఆయన పాడగలిగే మెట్టు అదొక్కటే. ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల నాలుగు మెట్ల మధ్యే ఆయన సంగీతమంతా కాపురం ఉంటోంది. మగగొంతుకి సరిపోయే ఆ శ్రుతిలో ఆడపిల్ల పాడితే స్వరాలు అడుగుకి పోతాయి, అక్కడ బలముండదు. కొత్తగా నేర్పేవాళ్లు కూడా ముందు పిల్ల గొంతు చూసి శ్రుతి పెడతారు. మాస్టారు తన గొంతు చూసి పెట్టాడు. మెట్టు మార్చాలని ఆయనకి తోచలేదు. ఎలా తోస్తుంది? ఎప్పుడూ ఎవరో మార్చి పెడుతూ వచ్చారు మరి. పిల్ల గొంతు వినపడకపోయేసరికి, పిచ్చుక పుస్తకంలో రాసినదాని ప్రకారం, "దుఃఖం అడుగున ఉంటుంది. అడుగు నుంచి తోడు! గట్టిగా! ఇంకా గట్టిగా!" అన్నాడట. తోడింది. పొద్దునా సాయంత్రమూ, తొమ్మిది రోజులు తోడింది. మూడో రోజున గొంతు మంటగా ఉందంటే, "మంట పుట్టిందంటే నటన పుట్టినట్టే," అన్నాడట. రాతలో అక్షరాలు వంకర పోలేదు, పిల్ల దస్తూరి చక్కగానే ఉంది. చదువుతున్న కీబోర్డక్కే ఒక్కో వరసా రెండేసి సార్లు చదువుకోవాల్సొచ్చింది.

నాటకంలో తల్లి వేషం ఇంకో పిల్లకి ఇచ్చేశారు. పిచ్చుక పరీక్ష మాత్రం తేలలేదు. అది తేల్చడానికే ఇవాళ ప్రిన్సిపాల్ పిలిచారు.

గదిలో ప్రిన్సిపాల్ బల్లకి ఎదురుగా మాస్టారికి చేతుల కుర్చీ వేశారు. పిచ్చుక, వాళ్ల నాన్న ఒక బెంచీ మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. కీబోర్డక్కకి తలుపు పక్కన, ఫైళ్లు దించి, ఒక స్టూలు చూపించారు.

"మాస్టారూ, నాకు ఈ తలనొప్పి ఇవాళ్టితో వదలాలి," అన్నారు ప్రిన్సిపాల్. "తప్పు అమ్మాయిదైతే రూలు ప్రకారం ఏడాది పోతుంది. తర్ఫీదులో తప్పైతే గొంతు నయమయ్యాక పరీక్ష పెడతాం. ఏదో ఒకటి రాసి సంతకాలు పెట్టించుకోవాలి నేను. చెప్పండి, ఏం రాయను?"

"పిల్ల సాధనకి రాలేదు సార్," అన్నాడు మాస్టారు, గొంతు నొచ్చుకున్నట్టు మఫ్లరు సర్దుకుంటూ. "ఆ తొమ్మిది రోజులూ హాజరు పట్టీ ఖాళీగా ఉంది, చూసుకోండి. చివర్లో కంగారుపడి ఒక్కసారిగా అరిచి ఉంటుంది. ఈ కాలం పిల్లలు ఎక్కడ వింటారు సార్?"

లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాకు పాటలు తెలవవు. హాస్టల్ నుంచి పిల్లని ఇంటికి తెచ్చుకుని పన్నెండు రోజులైందయ్యా, నోట ఒక్క మాట లేదు. పాలవాడొస్తే చప్పట్లు కొట్టి పిలుస్తోంది. రాకుండా ఎగ్గొట్టే పిల్ల కాదయ్యా మా పిల్ల."

"కూర్చోవయ్యా, కూర్చో," అని ప్రిన్సిపాల్ సొరుగులోంచి ఒక పొడుగాటి పుస్తకం తీశారు. "ఇది వాచ్‌మన్ తాళాల పుస్తకం. తొమ్మిది రోజులూ పొద్దున్నే సాధన గది తాళం తీసుకున్న సంతకం ఈ అమ్మాయిదే. సాయంత్రం తిరిగిచ్చిందీ ఈ అమ్మాయే. మరి హాజరు ఎందుకు ఖాళీగా ఉంది మాస్టారూ? ఆ పట్టీ రాసేదెవరు?"

మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. బయటికి బయల్దేరబోతుంటే కళ్లజోడు కనపడకపోయినా, పాలు విరిగినా, వాన కురిసి ఆరేసిన బట్టలు తడిసినా, తప్పు ఎక్కడ ఆరేద్దామా అని దండెం కోసం వెతుక్కునే చూపు అది. ఎప్పుడూ ఎక్కువ దూరం వెళ్లాల్సిన పని పడదు దానికి.

"దాచడమెందుకు సార్, ఉన్నమాట చెబుతాను," అన్నాడు, పెద్దమనిషి తరహాలో నిట్టూర్చి. "తర్ఫీదులోనే తప్పు జరిగింది. కానీ నేర్పేది నేను కాదు. ఈవిడ."

ప్రిన్సిపాల్ కలం ఆగింది. "ఈవిడా? బయట పలక మీద మీ పేరుందిగా?"

"పేరు నాదే సార్. పర్యవేక్షణ నాది. రోజూ పిల్లల చేత చేయించేదంతా ఈవిడే. ఊపిరి, యాస, పాట, మొత్తం. నేనేదో పది నిమిషాలు వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పి వెళతాను. కావాలంటే ఏ పిల్లనైనా అడగండి. పల్లెటూరి పద్ధతులు సార్ ఈవిడవి. నేను చెబుతూనే ఉంటాను, వినదు."

కీబోర్డక్కకి నవ్వొచ్చింది. పదకొండేళ్లుగా ఈ మాట ఆయన నోట ఒక్కసారి వింటే చాలనుకుంది. వార్షికోత్సవంలో దండలు వేయించుకున్నప్పుడు, పత్రికవాళ్లు ఫొటో తీస్తూ 'కాస్త పక్కకి జరగండమ్మా' అని ఆమెని ఫొటోలోంచి జరిపినప్పుడు, పైకొచ్చిన పిల్లలు వచ్చి ఆయన కాళ్లకి దండం పెట్టినప్పుడు, ఇప్పుడంటాడేమో, ఇప్పుడంటాడేమో అని పిచ్చిదానిలా ఎదురుచూసింది. ఇవాళ అన్నాడు. ఒక్క ముక్క వదలకుండా అన్నాడు. ఎంగిలి కంచంలో వడ్డించాడు కానీ వడ్డించినవన్నీ నిజాలే. ఈ మనిషి నిజం చెప్పాలంటే ఒక ఆడపిల్ల గొంతు పోవాల్సొచ్చిందన్నమాట. ఇంత పిరికివాడికా తను ఇన్నాళ్లు దుమ్ము తుడుస్తున్నట్టు నటించి స్వరం అందించింది? భయపడింది ఇతనికా?

మాస్టారు కుర్చీ వెనక్కి వాల్చి, ఆమె వైపు వంగి, ఇంట్లో వాడే గొంతుతో అన్నాడు. "ఒప్పేసుకో. నీకు పోయేదేముంది? ఉద్యోగమా పాడా! ఓ నెల ఇంట్లో కూర్చుంటావు, అమ్మకీ ఆసరాగా ఉంటుంది."

"ఏమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్. "నిజమేనా? పిల్లలకి నేర్పేది నువ్వేనా?"

బెంచీ మీద పిచ్చుక కాదు కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఊపుతూనే పుస్తకంలో గబగబా ఏదో రాస్తోంది. చదవడం రాని తండ్రి ఆ అక్షరాల వంకా, కూతురి మొహం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. కీబోర్డక్క ఆ పిల్లని చూసి, చేత్తో 'ఆగు' అన్నట్టు సైగ చేసింది. తరగతిలో పాట ఆపమనడానికి చేసే సైగే అది. పిల్ల కలం ఆపింది.

ఆమె స్టూలు మీంచి లేచింది. గొంతు పెంచలేదు. మాటలు కొయ్యలేదు, తూచలేదు. పుట్టినింట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఆ మాట తలుపు దగ్గర నుంచి బల్ల దాకా, బల్ల దాటి అవతలి గోడ దాకా తేలిగ్గా వెళ్లింది.

"అవునండీ, నేనే. పదకొండేళ్లుగా ఈ కళాశాలలో పిల్లలకి ఊపిరి పీల్చడం దగ్గర నుంచి పాట దాకా నేర్పుతున్నది నేనే. మీ ముందు ఆయనే ఒప్పుకున్నారు కాబట్టి ఆయన మాటగానే రాసుకోండి. సంతకం ఇద్దరం పెడతాం."

మాస్టారు హాయిగా ఊపిరి వదిలాడు. ఆయన భుజాలు పైకి లేచి కిందికి దిగాయి. పదకొండేళ్లు పక్కనే ఉండి ఊపిరి పీల్చడం కూడా నేర్చుకోలేదు, అనుకుంది ఆమె. ప్రిన్సిపాల్ రాశారు. కాగితం ముందు మాస్టారి వైపు జరిపారు. ఆయన చదివినట్టు చూసి, ఇత్తడి పలక మీద ఉన్న పేరునే ఒంపులు తిప్పుతూ సంతకం పెట్టాడు. కాగితం ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె కలం తీసుకుని, సంతకం పెట్టకుండా, దాన్ని తిరిగి ప్రిన్సిపాల్‌కే అందించింది.

"కింద ఇంకొక్క వాక్యం రాయండి సార్, దానికీ కలిపి పెడతాను. ఆ తొమ్మిది రోజులూ నేను ఊళ్లో లేను, మా అమ్మ కంటి ఆపరేషన్ కాగితాలు నా సంచిలో ఉన్నాయి. ఈ పదకొండేళ్లలో మాస్టారు స్వయంగా నేర్పింది ఆ ఒక్క పాటే."